సైకిలోడికి జ్వరం రాకూడదు

కారులో ఆఫీసుకెళ్లేవాడికి జలుబు చేస్తే అది జలుబు. బస్సులో వెళ్లేవాడికి చేస్తే వాతావరణం మారింది. సైకిల్ మీద వెళ్లేవాడికి చేస్తే మాత్రం అది రుజువు. పై అంతస్తు పిన్నిగారి దగ్గర్నుంచి కింద వాచ్‌మన్ దాకా, లిఫ్టులో హెల్మెట్ చూసి నవ్వే ఐదో ఫ్లోరు అంకుల్ దాకా అందరూ ఈ ఒక్క తుమ్ము కోసమే కాచుకుని కూర్చున్నారు. "చెప్పానా బాబూ, పొద్దున్నే ఆ మంచులో సైకిలేంటని" అంటారు పిన్నిగారు. అప్పుడు ఆగస్టు నెల. హైదరాబాదులో మంచు లేదు. అయినా చెప్పారు కాబట్టి చెప్పినట్టే.

జలుబు తెచ్చే వైరస్‌లు రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఆ జాబితాలో సైకిల్ లేదు, మంచు లేదు, ఎదురుగాలి కూడా లేదు. పక్క సీటువాడి దగ్గు ఉంది, లిఫ్టు బటన్ ఉంది. కానీ "లిఫ్టెక్కితే జలుబు చేస్తుందని చెప్పానా?" అని ఈ దేశంలో ఎవరూ ఎవరినీ మందలించరు.

కాబట్టి ఒంట్లో నలతగా ఉన్నప్పుడు సైకిల్ తీయాలా వద్దా అన్నది వైద్యానికి సంబంధించిన ప్రశ్న అనుకుంటే పొరపాటు. ఇది పరువు ప్రశ్న. "సైకిల్ తొక్కితే రోగాలు దగ్గరికి రావు" అని ఏడాదంతా క్యాంటీన్‌లో ఉపన్యాసాలిచ్చిన మనిషి, ముక్కు తుడుచుకుంటూ క్యాబ్ దిగితే ఇక మిగిలేదేముంది? ఎదురొచ్చినవాడు "ఏం బాస్, సైకిల్ ఏదీ?" అని అడుగుతాడు. ఆ ప్రశ్న కంటే నూట రెండు జ్వరం నయం. అందుకే మన సైకిలిస్టు జ్వరంతోనే బయల్దేరతాడు. తన కోసం కాదు, ఉద్యమం కోసం.

బయల్దేరే ముందు శాస్త్రాన్ని సంప్రదిస్తాడు, అది మెచ్చుకోవాల్సిందే. ఆటలాడేవాళ్లకు డాక్టర్లు చెప్పే మెడ లెక్క ఒకటుంది. ముక్కు కారడం, తుమ్ములు, గొంతులో కాస్త గరగర లాంటివి మెడకు పైన ఉంటే నెమ్మదిగా కదలొచ్చు. దగ్గు ఛాతీలోకి దిగినా, ఒళ్లు నొప్పులున్నా, వాంతులు విరేచనాలున్నా, జ్వరమున్నా మంచం దిగకూడదు. లెక్క బాగానే ఉంది. ఇబ్బందల్లా ఏమిటంటే, ఈ లెక్క వేయాల్సిన మెదడు కూడా మెడకు పైనే ఉంది. అది ప్రతి లక్షణాన్నీ తన వైపు లాక్కుంటుంది. ఛాతీలో గురగుర వినిపిస్తే "గొంతులోంచే వస్తోంది" అంటుంది. మోకాళ్లు లాగేస్తుంటే "నిన్న ఫ్లైఓవర్ ఎక్కాం కదా" అంటుంది.

ఇక జ్వరం సంగతి. థర్మామీటర్ చంకలో పెట్టుకుంటే నూటొకటి వచ్చింది. పారాసిటమాల్ వేసుకుని గంటాగి మళ్లీ పెట్టుకుంటే తొంభై ఎనిమిదిన్నర. "చూశావా, జ్వరం లేదు!" పోలీసుకి లంచమిచ్చి, కేసు లేదు కాబట్టి దొంగతనమే జరగలేదనడం లాంటిది ఇది. మాత్ర వేడిని దించుతుంది, లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. మాత్ర లేకుండా ఒక రోజంతా జ్వరం రాకపోతే అప్పుడు తగ్గినట్టు. ఈ చివరి వాక్యాన్ని మన సైకిలిస్టు ఇంతవరకూ పూర్తిగా చదవలేదు.

ముక్కు దిబ్బడకి ఆయన సిట్రజిన్ కూడా వేసుకుంటాడు. మత్తు వస్తుంది, బండి నడపొద్దు అని ఆ మాత్రలతో వచ్చే కాగితం మీదే రాసి ఉంటుంది. బండి అంటే మోటారు బండి అని ఆయన వ్యాఖ్యానం. 2023 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, ఎండా వానా తగలవు. అక్కడైతే కళ్లు మూతలు పడుతున్నా మహా అయితే రెయిలింగ్‌కి రాసుకుంటాడు. కానీ కూకట్‌పల్లిలో ఇల్లు, మాదాపూర్‌లో ఆఫీసు ఉన్న మనిషికి ఆ కప్పుతో పని పడదు. ఆయన దారిలో కుడివైపు సిటీ బస్సు, ఎడమవైపు రాంగ్ రూట్లో వచ్చే బైకు, మధ్యలో మూత లేని మ్యాన్‌హోల్. ఒక చేయి హ్యాండిల్ మీద, రెండో చేయి కర్చీఫ్‌తో ముక్కు మీద. తుమ్ము వచ్చేటప్పుడు కళ్లు మూసుకుంటాయి, బ్రేకు మీద వేళ్లుండవు. ఈ రెండూ ఒకే క్షణంలో జరుగుతాయి. సరిగ్గా ఆ క్షణంలోనే ఆటో అన్న ప్యాసింజర్ కోసం ఆగుతాడు.

వీటన్నిటి మధ్య ఆయన్ని ప్రోత్సహించే శక్తి ఒక్కటే, చేతికున్న స్మార్ట్‌వాచీ. శరీరం వేడి ఒక డిగ్రీ సెల్సియస్ పెరిగితే గుండె నిమిషానికి సుమారు పది సార్లు ఎక్కువ కొట్టుకుంటుంది. వాచీకి జ్వరమని ఎవరు చెప్తారు? రోజూ దాటే రోడ్డే ఇవాళ కొండెక్కినంత శ్రమ అని రాసుకుని, ఓ పతకం బొమ్మ చూపిస్తుంది. ఆ బొమ్మను ఆయన గ్రూపులో పెడతాడు. కింద చప్పట్లు. వైరల్ జ్వరాల్లో అరుదుగా గుండె కండరానికే వాపు వస్తుందనీ, అప్పుడు శ్రమ పడితే ప్రాణం మీదికి వస్తుందనీ ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఓ డాక్టరు ఉంటే చెప్పేవాడు. ఉన్నాడు కూడా. ఆయనా సైక్లిస్టే.

అన్నిటికంటే ఘోరం డెంగీ వ్యవహారం. ఇక్కడ కాసేపు వెక్కిరింపు పక్కన పెడతాను. డెంగీలో జ్వరం దిగిపోయే రోజే అసలు గండం. సాధారణంగా మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్యలో వేడి తగ్గుతుంది, "హమ్మయ్య" అనుకుంటాం. ఒంట్లో నీరు రక్తనాళాల్లోంచి బయటికి జారడం, ప్లేట్‌లెట్లు బాగా పడిపోవడం ఎక్కువగా జరిగేది అప్పుడే. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలోంచి రక్తం కనిపిస్తే ఆసుపత్రికి పరిగెత్తాలి. మనవాడు మాత్రం ఆ రోజు పొద్దున్నే టైర్లలో గాలి కొడుతూ కనిపిస్తాడు. ఎందుకంటే జ్వరం తగ్గింది కదా.

న్యాయంగా చెప్పాలంటే ఆయన వైపూ ఒక వాదన ఉంది. సైకిల్ మీద ఎంత దగ్గినా ఎవరికీ అంటదు. అదే మెట్రోలో అమీర్‌పేట దగ్గర జనం తోసుకుంటుంటే ఒక్క దగ్గు పది మందికి పంచిపెట్టొచ్చు. ఒప్పుకోవాల్సిందే. కాకపోతే సైకిల్ దిగాక ఆయన అడవికి వెళ్లడం లేదు. తలుపులు మూసిన ఏసీ హాల్లోకి వెళ్తున్నాడు, దారంతా భద్రంగా దాచిపెట్టిన దగ్గుల్ని తీసుకుని.

మరి ఇంట్లో ఉండొచ్చు కదా? మేనేజర్ కూడా అదే అంటాడు. "అరె, జ్వరమా? పూర్తిగా రెస్ట్ తీసుకో. పదకొండింటికి ఒక్క కాల్ మాత్రం జాయిన్ అవ్వు." రెస్ట్ అంటే దుప్పటి కప్పుకుని కెమెరా ఆఫ్ చేయడం. దానికి సగం రోజు సెలవు కోత. ఈ లెక్కన ఆఫీసుకే వెళ్తే కనీసం జీతమైనా పూర్తిగా వస్తుందని మనిషి అనుకుంటే తప్పెవరిది?

ఇంతకీ మన హీరో సమస్య ఇంత పెద్దదని మనం బాధపడుతుండగా, ఆ పక్కనుంచే క్యారేజీ హ్యాండిల్‌కి తగిలించుకుని ఓ తాపీమేస్త్రి వెళ్లిపోతాడు. ఆయనకీ జ్వరమే. వెళ్లాలా వద్దా అని ఆయన ఏ యాప్‌నీ అడగలేదు, వెళ్లకపోతే ఆ రోజు కూలి లేదు. తొక్కేది పాత అట్లాస్. ఆ కంపెనీ సాహిబాబాద్ కార్ఖానా 2020లో జూన్ 3న మూతపడింది, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం రోజున. కంపెనీకి సెలవు దొరికింది. మేస్త్రికి మాత్రం సెలవు పెట్టడానికి ఆఫీసే లేదు.

సరే, మన సైకిలిస్టు దగ్గరికే వద్దాం. మెడ లెక్క, థర్మామీటర్, వాచీ, మేనేజర్ అందరూ చేతులెత్తేశాక, ఈ దేశంలో గట్టిగా పనిచేసే వ్యవస్థ ఒక్కటే మిగిలింది. అమ్మ. ఊర్నుంచి ఫోన్ చేసి "ఏరా, గొంతేంటి అలా ఉంది?" అంటుంది. "ఏం లేదమ్మా, ఏసీ" అంటాడు. "ఏసీ లేదు గీసీ లేదు, ఫోన్ అమ్మాయికివ్వు." ఆ తర్వాత ఇద్దరి మధ్య ఏం నడిచిందో బయటికి రాదు. తెల్లారి చూస్తే సైకిల్ తాళంచెవి మేకుకి ఉండదు. బ్యాగులో ఉండదు, ప్యాంటు జేబులో ఉండదు. "ఏమోనండీ, నాకేం తెలుసు, మిరియాల చారు పెట్టాను, వేడిగా తాగి పడుకోండి" అని వంటింట్లోంచి జవాబు వస్తుంది.

తాళంచెవి పోపుల డబ్బాలో ఉంటుంది, ఆవాల గిన్నెకి, ఇంగువ పొట్లానికి మధ్య. మూడు రోజులో నాలుగు రోజులో అయ్యాక దానంతటదే మేకు మీదికి వస్తుంది. అప్పుడు దాన్ని ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని చూడాలి. ఇంగువ వాసన తెలియకపోతే మళ్లీ పడుకోవాలి. గుప్పున కొడితే టైర్లలో గాలి చూసుకోవచ్చు.