నవంబర్ 15, 1904 అని ఉన్నంత మాత్రాన 1904 రేజర్ అయిపోదు

పాత సేఫ్టీ రేజర్ల గురించి ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: సేఫ్టీ రేజర్‌ని మొదట కనిపెట్టింది జిల్లెట్, ఆయన రేజర్లు ఉచితంగా పంచి బ్లేడ్ల మీద సంపాదించాడు, మీ ఇంట్లో ఉన్నదాని మీద 'నవంబర్ 15, 1904' అని ఉంటే అది ఆ ఏడాది తయారైన అరుదైన వెండి వస్తువు, బాగా రుద్ది మెరిపించి అమ్ముకోండి. పాత రేజర్లు సేకరించేవాడిగా ఇది చదివి ఊరుకోలేకపోయాను. ముఖ్యంగా ఆ చివరి సలహా వల్ల మంచి వస్తువులు పాడవుతున్నాయి.

మొదట కనిపెట్టింది జిల్లెట్ కాదు. ఫ్రాన్స్‌లో పెరే అనే కత్తుల పనివాడు 18వ శతాబ్దంలోనే మంగలి కత్తికి చెక్క కాపు తొడిగాడు, లోతుగా తెగకుండా. 1847లో ఇంగ్లండ్‌లో విలియం హెన్సన్ పిడికి అడ్డంగా, పారలాగా బ్లేడు అమర్చి పేటెంట్ తీసుకున్నాడు. అమెరికాలో కాంఫ్ సోదరుల 'స్టార్' రేజర్ పేటెంట్ 1880 నాటిది. దాని బ్లేడు మంగలి కత్తిలోంచి ఒక ముక్క కోసినట్టు మందంగా ఉంటుంది, మొద్దుబారితే తోలు పట్టీ మీద నూరుకోవాల్సిందే.

మరి జిల్లెట్ చేసిందేమిటంటే, నూరే పనే లేకుండా చేయడం. ఆ తొలి మోడల్ దొరికితే విప్పి చూడండి, మూడే ముక్కలు: పైకప్పు, పళ్లున్న అడుగు పలక, పిడి. కప్పు కింద మధ్యలో ఒక మర, దానికి అటూ ఇటూ రెండు చిన్న పుల్లలు ఉంటాయి, బ్లేడుకున్న మూడు రంధ్రాల్లో అవి సరిగ్గా కూర్చుంటాయి. పిడి బిగించేకొద్దీ చదునుగా ఉన్న పల్చటి బ్లేడు విల్లులా వంగి గట్టిపడుతుంది. నాకు ఇప్పటికీ ఆ బిగింపు చూస్తే ముచ్చటేస్తుంది. అంత పల్చటి ఉక్కు రేకుకి పదును నిలిచేలా చేసే యంత్రాల పని విలియం నికర్సన్ అనే ఇంజనీరుది, ఆయన పేరు మాత్రం ఎవరూ ఎత్తరు.

ఇక ఉచితం సంగతి. తొలి రేజర్ ధర 5 డాలర్లు, అప్పటి కార్మికుడికి అది చిన్న మొత్తం కాదు. 1903లో అమ్ముడైనవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. పేటెంట్ చేతిలో ఉన్న ఏళ్లలో దాదాపు చివరిదాకా కంపెనీ ధర దించలేదు, 1921లో అది ముగిసి పోటీదారులు అదే నమూనా చేయగలిగే రోజు దగ్గరపడ్డాకే పాత రకాన్ని డాలరుకి అమ్మింది. 1918లో అమెరికా సైనికుల చేతికి వెళ్లిన 35 లక్షల రేజర్లూ కంపెనీ దానం కాదు, ప్రభుత్వం కొన్నది. అన్ని లక్షలు తయారైన రకం అరుదైనది ఎలా అవుతుంది?

అసలు గందరగోళమంతా ఆ తేదీతోనే. 1904 నవంబర్ 15 పేటెంట్ మంజూరైన రోజు. ఆ తర్వాత ఏళ్ల తరబడి తయారైన వాటి మీదా అదే ముద్ర కొట్టారు. తయారైన ఏడాది తెలియాలంటే సీరియల్ నంబరు, పిడి ఆకారం, పలక పళ్ల తీరు కలిపి చూడాలి. 1950ల నాటివి, అంటే పిడి చివర తిప్పితే తల తలుపుల్లా తెరుచుకునేవి అయితే పని తేలిక, వాటి మీద ఒక అక్షరం, ఒక అంకె ఉంటాయి, 'ఏ1' అంటే 1955లో మొదటి మూడు నెలలు.

వెండి అన్నది కూడా చాలావరకు పూతే, లోపల ఇత్తడి. బంగారు రంగువీ అంతే. పూత పల్చగా ఉంటుంది కాబట్టి గట్టిగా రుద్దితే ముందు అంచుల దగ్గర, తర్వాత పిడి గీతల మీద ఇత్తడి పసుపు రంగు తేలుతుంది, ఇక పోయిన పూత తిరిగి రాదు, సేకరించేవాళ్లు చూసేది మొదట అదే. దయచేసి పాలిష్ జోలికి వెళ్లకండి. గోరువెచ్చటి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు, మెత్తటి పాత టూత్ బ్రష్ చాలు. పళ్ల మధ్య ఇరుక్కున్న పాతకాలపు సబ్బు కాసేపు నాననిస్తే దానంతట అదే వదులుతుంది.