‘మీ ఆయనేం చేస్తాడు మా?’ గారికి బహిరంగ లేఖ

తిరుపతి

మహారాజశ్రీ ‘మీ ఆయనేం చేస్తాడు మా?’ అనే ప్రశ్నగారి సముఖమునకు,

తిలక్ రోడ్డు వెనక సందులో జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ లెక్కలు రాసుకుని బతికే ఒక ఆడమనిషి నమస్కరించి రాసుకునేది ఏమనగా, ఇక్కడ అందరం క్షేమం. తమరి క్షేమం అడగక్కర్లేదు. మొన్న ఒక బ్యాంకులో కళ్ళారా చూశాను, నిక్షేపంలా ఉన్నారు.

ఆ రోజు నా వెంట వచ్చినావిడ నిప్పట్లు, మురుకులు, కజ్జికాయలు చేయించి బస్టాండు చుట్టుపక్కల అంగళ్లకు వేస్తుంది. ఎనిమిది మంది ఆడవాళ్ళకు వారం వారం కూలి ఇస్తుంది. ప్యాకింగ్ మిషను కొనడానికి లోన్ కావాలి. మేనేజరుగారు ఫైలు తిప్పారు. మూడేళ్ల రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంటు, మిషను కొటేషను అన్నీ ఉన్నాయి. తప్పు దొరకలేదు. అప్పుడు తలెత్తి తమరిని బయటికి తీశారు. ఆయన బయట ఆటోలో ఉన్నాడంది ఈమె. పిలిపించారు, కుర్చీ వేశారు.

“నెలకు ఎన్ని ప్యాకెట్లు పోతాయి?” అని ఆయన్ని అడిగారు. ఆయన ఈమె వైపు తిరిగి “ఎన్ని పోతాయి మే?” అన్నాడు. ఈమె చెప్పింది. అదే అంకె ఆయన మళ్ళీ చెప్పాడు. మేనేజరుగారు అప్పుడు రాసుకున్నారు. నూనె ఖర్చెంత, అరువు ఎంత మునుగుతుంది, పండగలకు సరుకు ఎంత పెరుగుతుంది, అన్నీ ఇదే వరస. కాసేపటికి ఆ మనిషికే విసుగొచ్చి “నాకేం తెలుసు సార్, నేను ఆటో తోలుకుంటా. అంతా ఆమెదే” అన్నాడు. లోన్ మంజూరైంది లెండి. ఆయన సంతకం కూడా పెట్టించుకున్నాకే.

ఇంతకీ నాకు తీరని సందేహం ఒకటుంది. మగవాళ్ళు లోన్‌కు వచ్చినప్పుడు తమరి జోడీ, అదే ‘మీ ఆవిడేం చేస్తుంది?’ గారు, ఎక్కడికి పోతారు? మన ఊళ్ళో మగవాడి వ్యాపారానికి పెట్టుబడి అంటే నూటికి తొంభై పాళ్లు ఇంటావిడ మెడలోంచే వస్తుంది. గోల్డ్ లోన్ కౌంటరు దగ్గర గొలుసు తూస్తారు, రాయి మీద గీస్తారు, క్యారెట్ చూస్తారు. ఆధార్ అడుగుతారు. ఆ గొలుసు వేసుకునే మనిషి ఏం చేస్తుందో, ఇవ్వనందో ఇచ్చిందో, ఒక్కరూ అడగరు.

కుబేరుడు మాత్రం ఏం అడిగాడు? మన స్వామి కథే చూడండి. అమ్మవారు అలిగి కొల్హాపురం వెళ్ళిపోయాక స్వామివారి చేతిలో చిల్లిగవ్వ లేదు. పద్మావతమ్మతో పెళ్లికి అప్పు చేయాల్సి వచ్చింది. లక్ష్మీదేవి ఇంట్లో లేని మనిషికి అప్పిస్తూ కూడా కుబేరుడు ‘మీ ఆవిడేం చేస్తుంది నాయనా?’ అని ఆరా తీసినట్టు ఏ పురాణంలోనూ లేదు. బ్రహ్మ, శివుడు సాక్షులు, పత్రం రాసుకున్నారు, అయిపోయింది. ఆ వడ్డీ మనం ఇప్పటికీ కొండెక్కి కడుతూనే ఉన్నాం. గోవిందరాజస్వామి కుంచం తలకింద పెట్టుకుని పడుకున్నది కూడా ఆ డబ్బు కొలిచి కొలిచి అలసిపోయేనట.

తమరికి పని దొరకని చోట్లు కూడా ఉన్నాయండోయ్. పల్లెలో తెల్లవారుజామున పాలకేంద్రం దగ్గరికి ఒకసారి వెళ్ళి రండి. 2014లో తిరుపతి కేంద్రంగా శ్రీజ మహిళా పాల ఉత్పత్తిదారుల కంపెనీ మొదలైంది. ఇందులో సభ్యులందరూ ఆడవాళ్ళే. పాలు పోసేవాళ్ళే వాటాదారులు, డైరెక్టర్లుగా కూర్చునేదీ వాళ్ళలోంచే. ఇప్పుడు సభ్యులు లక్ష దాటారు. కొంగు బిగించి క్యాన్ పట్టుకుని వరసలో నిలబడితే, అక్కడి మిషను అడిగేవి రెండే: ఫ్యాట్ (వెన్న) ఎంత, ఎస్‌ఎన్‌ఎఫ్ (వెన్న, నీళ్ళు పోగా మిగిలే గట్టి పదార్థం) ఎంత. నీళ్ళు కలిపితే పట్టేస్తుంది తప్ప మొగుడి ఉద్యోగం గురించి దానికి ధ్యాసే లేదు. చీటీ వస్తుంది, డబ్బు ఆమె ఖాతాలో పడుతుంది. ఆ ఖాతా ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉందంటారా? అది వేరే సంగతి. తమరు గుచ్చి గుచ్చి అడగాల్సింది అదే, అడగరు.

మా ఆఫీసులో ఇలాంటి వింతలు చాలా చూస్తాను. పాత అప్పులు సరిగ్గా కట్టక సిబిల్ స్కోరు పాడుచేసుకున్న పెద్దమనుషులు భార్య పేరున ఫర్మ్ పెడతారు. ప్రొప్రైటర్ ఆవిడ, ఓటీపీ ఆయనది. నోటీసు వచ్చిన రోజు మాత్రం అది ఆవిడ ఫర్మ్ అవుతుంది. అలా నోటీసు పట్టుకుని ఏడుస్తూ వచ్చినవాళ్ళలో కొందరు ఫోన్ నంబరు మార్పించుకుని, లెక్కలు నేర్చుకుని, ఇప్పుడు ఆ ఫర్మ్‌ను వాళ్ళే నడుపుతున్నారు. అలాంటివాళ్ళ ఫైలు చూస్తే నాకు ఫీజు అడగబుద్ధి కాదు. అడుగుతాను, అది వేరు.

డ్వాక్రా సంగతీ అంతే. సంఘం లోన్‌కు 10 లక్షల దాకా తాకట్టు అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. తాకట్టు లేకుండా ఇచ్చినా ఈ ఆడవాళ్ళు కంతులు కట్టేస్తారని బ్యాంకులు అనుభవం మీద తెలుసుకున్నాయి. ఆ డబ్బుతో ఇంటాయన బండి కొనుక్కున్న ఇళ్ళూ లేకపోలేదు. కంతు కట్టేది మాత్రం ఆమే, సంఘం మీటింగులో మాట పడేదీ ఆమే.

రేషన్ కార్డు చూడండి. ఇంట్లో 18 ఏళ్లు దాటిన ఆడవాళ్ళలో పెద్దావిడే కుటుంబ పెద్ద అని 2013 ఆహార భద్రత చట్టం తేల్చేసింది. బియ్యం దగ్గర పెద్దది, లోన్ దగ్గర చిన్నది.

పెళ్లిళ్ల దగ్గర తమరు వేసే వేషం ఇంకా ముచ్చట. శ్రీసిటీ ఫోన్ల ఫ్యాక్టరీల్లో లైను మీద కూర్చునేది ఎక్కువగా ఆడపిల్లలే. హాస్టల్లో ఉండి ఇంటికి డబ్బు పంపే పిల్లకు సంబంధం వస్తే మొదటి మాట, “పిల్లకి చేతికి ఎంతొస్తుంది?” పెళ్లయిన మర్నాడు ఆ పిల్లే కుట్టుమిషన్ల అంగడి పెడతానంటే తమరు వచ్చి గుమ్మంలో నిలబడతారు.

పోనీ ఈ సర్కారు లెక్క చూడండి. కేంద్రం చేసే కార్మిక సర్వే ప్రకారం 2017-18లో 15 ఏళ్లు దాటిన ఆడవాళ్ళలో 100కి 23 మందే పనిలోనో, పని వెతుకులాటలోనో ఉన్నారు. 2023-24కు ఆ అంకె 42 దగ్గరికి వచ్చింది. సంబరపడబోయాను. కింద ఇంకో లెక్క ఉంది. పనిచేసే ఆడవాళ్ళలో మూడో వంతుకు పైగా ‘ఇంటి వ్యాపారంలో సాయం చేసేవాళ్ళు’. అంటే అంగడి తెరిచేది, సరుకు దించుకునేది, గల్లా మీద కూర్చునేది ఆమె. బోర్డు మీద పేరు ఆయనది, జీతం ఎవరికీ లేదు. ఆయన టీ కొట్టు దగ్గర రాజకీయం మాట్లాడుతుంటాడు. అక్కడికి వెళ్ళి ‘మీ ఆయనేం చేస్తాడు మా?’ అని అడిగితే ఎంత సరైన ప్రశ్నో!

తమరి అనుభవం వృథా పోకూడదని ఒక ఉద్యోగం చూసి పెట్టాను. గోల్డ్ లోన్ కౌంటరు దగ్గర నిలబడాలి. మగమనిషి రుమాల్లో చుట్టిన గొలుసు బల్ల మీద పెట్టగానే ‘ఇది ఎవరిది నాయనా, ఆవిడేం చేస్తుంది, ఆవిడకు చెప్పే తెచ్చావా?’ అని అడగాలి. పెళ్లిళ్ల సీజన్లో, స్కూలు ఫీజుల నెలలో తల తిప్పుకోను టైముండదు, కాబట్టి ఇంటి దగ్గరే తిని బయల్దేరండి. జీతం ఎంతని మాత్రం అడక్కండి. ఇంటి పనే కదా అని సాయం కింద రాసేస్తారు.

ఇట్లు,
తమరికి జవాబు ఫారాల్లో నింపి నింపి చెయ్యి నొప్పెట్టిన
ఒక లెక్కల మనిషి