వచ్చే ముందు కబురు పెట్టండి

చెప్పాపెట్టకుండా ఊడిపడే చుట్టాన్ని ఎవరు మాత్రం ఇష్టపడతారు? అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ శాఖ గోడు కూడా అదే. వలసదారుల నిర్బంధ కేంద్రాలను చూడ్డానికి వచ్చే కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) సభ్యులు ఏడు రోజుల ముందు కబురు పెట్టాలని 2025 జూన్‌లో ఆ శాఖ కోరింది. అదే నెలలో మొదట అడిగింది 72 గంటలే. ఇందులో దురుద్దేశం వెతకడం అన్యాయం. ఏడు రోజుల్లో ఏమేం సర్దొచ్చో లెక్క వేసి చూస్తే, ఆ గడువు మరీ తక్కువనిపిస్తుంది.

న్యూ మెక్సికోలోని టోరెన్స్ కౌంటీ కేంద్రాన్నే తీసుకోండి. 2022 ఫిబ్రవరిలో ఆ శాఖ సొంత తనిఖీ అధికారైన ఇన్‌స్పెక్టర్ జనరల్ మనుషులు చెప్పకుండా వెళ్ళారు. 157 గదులుంటే, 83 గదుల్లో మరుగుదొడ్డో నీళ్ళ తొట్టో పాడై ఉంది. ఏడు రోజుల్లో బాగు చేయాలంటే రోజుకి పన్నెండు గదులు. ఏ ప్లంబర్ ఒప్పుకుంటాడు? అందర్నీ వెంటనే అక్కణ్ణించి తరలించమని ఇన్‌స్పెక్టర్ జనరల్ సిఫార్సు చేస్తే, నిర్బంధాలు చూసే ఆ శాఖ విభాగం ఐస్ (ICE) ఒప్పుకోలేదు. నాలుగేళ్ళ ముందు కాలిఫోర్నియాలోని అడెలాంటోలో కూడా ఇదే మర్యాదలేనితనం. చెప్పకుండా వెళ్ళి 20 గదులు చూస్తే, 15 గదుల్లో దుప్పట్లు పేనిన తాళ్ళు గోడ పైనున్న గాలి కంతలకు వేలాడుతున్నాయి. ఆ కేంద్రంలో వాటిని ఉరితాళ్ళనే పిలుస్తారు. అంతకు ముందటి ఏడాదే ఒక మనిషి అలా ఉరి పోసుకుని చనిపోయాడు కూడా. ఇది మాత్రం, కబురు ముందుగా అందితే, ఒక కత్తెరతో పూటలో తెమిలే పని.

చిక్కల్లా కాంగ్రెస్ రాసుకున్న చట్టంతోనే. 2020 ఆర్థిక సంవత్సరం నుంచి ఈ శాఖ బడ్జెట్ చట్టంలో ఒక నిబంధన ఉంటూ వస్తోంది. ఇప్పుడందరూ దాన్ని 527వ సెక్షన్ అంటున్నారు. వలసదారులను ఉంచే ఏ కేంద్రంలోకైనా పర్యవేక్షణకు వచ్చిన సభ్యుణ్ణి ఆపడానికి ఈ నిధులు వాడకూడదు. సభ్యుడు ముందుగా చెప్పనక్కర్లేదు. ఆయన సిబ్బంది వస్తే మాత్రం 24 గంటల ముందు చెప్పమని అడగొచ్చు. అంతటితో ఊరుకున్నారా? సభ్యుడి కంటికి వేరేలా కనబడేలా తాత్కాలికంగా ఏదీ మార్చకూడదట. చుట్టం వస్తున్నాడని వాకిలి ఊడ్చినా నేరమే అన్నమాట. ఇంత అనుమానపు చట్టం రాసిన వాళ్ళకు తోరణాలు కట్టడం గురించి బాగా తెలిసే ఉండాలి.

అయితే చట్టం అన్నది నిధుల గురించి. శాఖ లాయర్లు అక్కడే తాళంచెవి కనిపెట్టారు. 2025 జులై నాటి పన్నులు, ఖర్చుల పెద్ద చట్టం నిర్బంధానికి విడిగా 4,500 కోట్ల డాలర్లు ఇచ్చింది. అందులో 527 లేదు. పన్నెండుమంది సభ్యులు కోర్టుకెక్కారు. ఏడు రోజుల నిబంధనను డిసెంబరులో జడ్జి జియా కాబ్ నిలిపేస్తే, 2026 జనవరి 8న మంత్రి క్రిస్టీ నోయెమ్ అదే నిబంధనను మళ్ళీ జారీ చేశారు. ఈసారి ఖర్చు రెండో జేబులోంచి. రెండు రోజులకు మిన్నెసోటా సభ్యులు ముగ్గురు వెళ్తే బయటికి సాగనంపారు. ఫిబ్రవరిలో జడ్జి మళ్ళీ అడ్డు చెప్పారు. ఇకమీదట సభ్యులు తలుపు తట్టే ముందు, కాపలావాడి బూట్లు ఏ పద్దు కింద కొన్నారో, గేటు తాళానికి నూనె ఏ జేబులోంచి పోశారో కనుక్కుని వెళ్ళడం మంచిది.

ఐస్ ఫీల్డ్ ఆఫీసుల (స్థానిక కార్యాలయాల) సంగతి ఇంకా ముచ్చటైనది. అవి నిర్బంధ కేంద్రాలు కావు కాబట్టి 527 వాటికి వర్తించదని ఐస్ వాదన. అక్కడి గదుల్లో మనిషిని 12 గంటలకు మించి ఉంచకూడదన్న సొంత నిబంధనను అదే జూన్‌లో సడలించి 72 గంటలు చేసుకుంది. అంటే మూడు రాత్రులు నేల మీద పడుకున్నవాడు నిర్బంధంలో లేడు. ఆఫీసు పని మీద వచ్చాడు. ఏడు రోజుల నోటీసు కాలంలో అలాంటి జట్లు రెండు వచ్చి వెళ్ళిపోతాయి.

మరి మర్యాద తెలిసిన అతిథులే లేరా అంటే, ఉన్నారు. ఐస్ డబ్బిచ్చి పెట్టుకున్న కాంట్రాక్టు కంపెనీ తనిఖీలను ఇన్‌స్పెక్టర్ జనరల్ 2018లో పరిశీలించారు. ముగ్గురు నుంచి ఐదుగురు వస్తారు, మూడు రోజులుంటారు, 650కి పైగా అంశాలు చూస్తారు. ముగ్గురే వస్తే, రోజుకు ఎనిమిది గంటల లెక్కన, ఒక్కో అంశానికి ఏడు నిమిషాలు కూడా రావు. అందులోనే 85 నుంచి వందమంది వరకు నిర్బంధితులతో ముఖాముఖి. చాలావరకు గుంపుగా, కేంద్రం సిబ్బంది ఎదురుగానే, ఇంగ్లీషులో, నాలుగైదు ప్రశ్నలు. భోజనం బాగుందా? బాగుందండీ. ఈ తనిఖీలో ఫెయిలవడం చాలా, చాలా, చాలా కష్టమని ఐస్ ఉద్యోగులే చెప్పారు. కష్టంగానే ఉండాలి మరి. వరుసగా రెండుసార్లు ఫెయిలైన కేంద్రానికి డబ్బు ఆపేయాలని 2009 నుంచి చట్టముంది. కేంద్రం మూతపడితే మంచాలెక్కడ దొరుకుతాయి? శిక్ష అంత పెద్దదైనప్పుడు పాస్ మార్కులు వేయడమే దయ.

దొరికిన తప్పులకు జరిమానా వేయరా అని కొందరి అమాయకపు ప్రశ్న. 2015 అక్టోబరు నుంచి 2018 జూన్ దాకా 106 కేంద్రాల్లో 14,003 లోపాలు తేలాయి. జరిమానాలు రెండు. బాగా చెయ్యలేనివాడికి మినహాయింపు ఉందిగా: అడిగిన 68లో 65 మంజూరయ్యాయి. అలాంటి ఒక మినహాయింపుతో మిరియాల స్ప్రే స్థానంలో, దానికన్నా పదిరెట్లు విషపూరితమైన బాష్పవాయువు వాడుకోనిచ్చారు. ఫిర్యాదులు వినడానికి కాంగ్రెస్ 2019 చివర్లో పుట్టించిన నిర్బంధ అంబుడ్స్‌మన్ కార్యాలయం సిబ్బందిని 2025 మార్చిలో ఇంటికి పంపడం మొదలెట్టారు. చెవి తీసేశాక కళ్ళకు అపాయింట్‌మెంటు పెట్టడం వరస ప్రకారం సరిగ్గానే ఉంది.

చుట్టాల కోసం ఆ వారం రోజులూ నేల తుడిచేదెవరన్న సందేహం మిగిలింది. స్వచ్ఛంద పని పథకం కింద నిర్బంధితులే తుడుస్తారు. చాలా కేంద్రాల్లో రోజుకి ఒక డాలరు. వారానికి ఏడు డాలర్లు. 1950 నాటి చట్టం ప్రకారం ఆ కూలి ఖరారు చేయాల్సింది కాంగ్రెసే. చివరిసారి ఖరారు చేసింది 1979 ఆర్థిక సంవత్సరపు బడ్జెట్‌లో.