మమ్మల్నీ కాస్త వెక్కిరించండి సార్!

గేటెడ్ కమ్యూనిటీల్లో ఉండేవాళ్ల కొనుగోలు పిచ్చి మీద వ్యంగ్య సినిమాలు తీసే దర్శకులకు కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల తరఫున ఒక విన్నపం. 'అన్ని ప్రాంతాలకూ చోటిచ్చాం' అని ప్రెస్‌మీట్‌లో చెబుతుంటారు కదా. నిజమే. ఒక విల్లా కోస్తాకు, పక్క విల్లా తెలంగాణకు, గేటు మాకు.

ఆ గేటు దగ్గర సీను తెలియనిదెవరికి? ఎయిర్ ఫ్రయర్ పార్శిల్ వస్తుంది. సీమ వాచ్‌మన్ దాన్ని చెవి దగ్గర పెట్టుకుని "ఇది పేల్తుందాప్పా?" అంటాడు. హాలు గొల్లుమంటుంది. అక్కడితో ఆగితే కళ ఎలా అవుతుంది? పెట్టెను బకెట్టు నీళ్లలో ముంచుతాడు. రెండో పెట్టెలో మసాజ్ కుర్చీ. దాని చుట్టూ ఇసుక మూటలు పేరుస్తాడు. మూడోది నేల ఊడ్చే రోబో. అది కదలగానే తొడ కొడతాడు. 1999లో 'సమరసింహారెడ్డి' ఆడిన నాటినుంచి మా తొడలకు సెలవు దొరకలేదు.

ఇక యాస. అనంతపురంవాడు 'వస్తాండా' అంటాడు, కడపవాడు 'వచ్చాండా' అంటాడు. నటుడు మాత్రం షూటింగులో 'వస్తున్నాను' అనేసి వెళ్లిపోతాడు. డబ్బింగులో పెదాలు కలవవు. అందుకని మాటల్ని అలాగే వదిలేసి, చివర 'అప్పా' తగిలిస్తారు. 'ప్పా' అనాలంటే రెండు పెదాలూ మూసుకోవాలి, తెర మీద మూసుకోవు. కాబట్టి ఆ ముక్క పడేటప్పటికి మనిషి వెనక్కి తిరిగి ఉండాలి. సీమ పాత్రలన్నీ వాక్యం చివర వీపు చూపించేది అందుకే. చనువున్న మగవాళ్లు అనుకునే ఆ మాటను విల్లా మేడమ్‌తో కూడా అనిపిస్తారు. మా ఊళ్లో అయితే 'ఏమక్కా' అంటాం స్వామీ!

మేమేం తక్కువ కొంటామా? ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో ఒకసారి కెమెరా పెట్టి చూడండి. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురంలో, ట్యాంకరు తెప్పించి బాత్‌టబ్ నింపుకునే పెద్దమనిషి మీ కంటికి ఆనడా? పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నా, తెర మీద మేమింకా సుమోలోంచి దిగలేదు. కర్నూలు ముస్లిం స్నేహితుడైతే ఇంటర్వెల్‌కు ముందు బిర్యానీ గిన్నె తెస్తాడు, తర్వాత హీరోకు పడాల్సిన పోటు తను తిని పోతాడు.

ఆడంబరాన్ని ఎలా వెక్కిరించాలో నేర్పింది కూడా మావాడే. దర్శకుడు కె.వి. రెడ్డిది మా తాడిపత్రి. 1957లో 'మాయాబజార్'లో గింబళి అనే మాయ కంబళి, గిల్పం అనే మాయ మంచం పెట్టి పెళ్లికొడుకు తరఫువాళ్లను ముప్పుతిప్పలు పెట్టాడు. నవ్వంతా సామాను చూసి నోరెళ్లబెట్టినవాళ్ల మీదే.

వంటగది సెట్లో కడప బండ కనబడుతుంది లెండి. ప్లైవుడ్‌కు నల్లరంగు వేసిన బండ. హీరోయిన్ దాని మీద నిమ్మకాయ కోసినా మచ్చ పడదు. అసలుదైతే సున్నపురాయి కాబట్టి పులుపు తగలగానే తెల్లమచ్చ పడుతుంది. సరే, సింకు కింద అరగా అయినా బండకు చోటు దొరికింది. సోఫాలో కడప మనిషికి దొరకలేదు.

ఇంతవరకూ నవ్వుకుందాం. అసలు ఆ విల్లాలు కట్టిందెవరయ్యా? కర్నూలు జిల్లా కోసిగి, కౌతాళం పల్లెల్లో ఇళ్లకు తాళాలేసి, పిల్లల బడి మాన్పించి వలసపోయిన జనం హైదరాబాదులో, బెంగళూరులో కాంక్రీటు తట్టలు మోస్తున్నారు. మీ సినిమాలో ఆ ఆడమనిషి హీరోయిన్ వెనకాల మసకగా నేల తుడుస్తుంటుంది. ఆ తుడిచే పాత్రకు కూడా తెల్లగా ఉన్న నటిని తెచ్చి నల్లరంగు పూస్తారా? సిగ్గుండాలి! ఆ రంగు మనుషులు ఆదోనిలో దొరకలేదా? దొరికినా నటన రాదని మీరే తేల్చేశారా? మాట లేదు, పేరు లేదు. టైటిల్స్‌లో డ్రోన్ తిప్పినాయన పేరుంది, ఆ నల్లరంగు పూసినాయన పేరూ ఉంది. ఆమెకు మాత్రం 'పనిమనిషి-2' అని వేశారు. ఒకటో పనిమనిషి ఏదంటే, నిడివి ఎక్కువైందని ఎడిటింగులో లేపేశారట.