వీల్ ఆర్చ్ సందు గారికి ఒక బహిరంగ లేఖ

మహారాజశ్రీ టైరుకీ మడ్‌గార్డుకీ మధ్య ఉండే సందు గారికి,

నమస్కారాలు. ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే ఉభయులూ కుశలంగా లేరు. ముందువైపు మీరు విశాలంగా వర్ధిల్లుతున్నారు. వెనక కుడివైపు మాత్రం చిక్కిపోయారు. నా పాత డీజిల్ హ్యాచ్‌బ్యాక్‌కి నాలుగు షాకబ్జర్లు, నాలుగు స్ప్రింగులు, వాటితో పాటు చక్రాన్ని బండి అడుగుకి కలిపే లోయర్ ఆర్మ్‌ల రబ్బరు బుష్షులు కొత్తవి వేయించిన దగ్గర్నుంచీ ఇదే వరస. బండి మూతి ఆకాశం చూస్తోంది, వెనక కుడి చక్రం నేలచూపులు చూస్తోంది. ఖర్చు పెట్టకముందు, నిజం చెప్పాలంటే, మీరంటూ ఒకరున్నారని కూడా నాకు తెలియదు. ఇప్పుడు పార్కింగులో ఎవరి బండి కనబడినా మొదట మీ వంకే చూస్తున్నాను.

మిమ్మల్ని కొలిచే పద్ధతి గురించి ముందు మాట్లాడాలి. బంగారం మిల్లీగ్రాముల్లో తూచే దేశంలో మిమ్మల్ని వేళ్ళతో కొలుస్తారు. "నాలుగు వేళ్ళు దూరుతున్నాయి సార్, పర్ఫెక్ట్" అన్నారు మెకానిక్. వేళ్ళు ఆయనవి, ఏళ్ళ తరబడి పానాలు పట్టినవి. అదే సందులో పక్క ఫ్లాటు అంకుల్ చెయ్యి పెడితే ఐదున్నర వచ్చింది. ఐదు అర్థమైంది. ఆ అర ఎక్కడిదని అడగలేదు, పెద్దాయన.

కొలవాల్సింది చక్రం నడిమధ్య నుంచి మడ్‌గార్డు అంచు దాకా, టేపుతో. అలా కొలిస్తే టైరులో గాలి తగ్గినా, టైరు అరిగినా లెక్క మారదు. నేల సమంగా ఉండాలి, డిక్కీలో బియ్యం బస్తా ఉండకూడదు. పైగా జాకీ మీంచి దింపగానే కొలిస్తే మీరు పచ్చి అబద్ధం చెబుతారు. గాలిలో వేలాడిన చక్రాలు కాస్త లోపలికి ముడుచుకుంటాయి. దింపాక టైర్లు నేలను గట్టిగా పట్టుకుంటాయి కాబట్టి వెంటనే పక్కకి జరగలేవు, బండి ఎత్తుగానే నిలబడిపోతుంది. దాన్ని కాస్త ముందుకీ వెనక్కీ తోసి, బానెట్ మీదా డిక్కీ మీదా నొక్కి వదిలితే అప్పుడు మీ అసలు రూపం బయటపడుతుంది.

ఈ మాట చెబితే మెకానిక్ నవ్వి, "కొత్త స్ప్రింగులు కదా సార్, నాలుగు రోజులు తిరిగితే అదే సెట్ అయిపోద్ది" అన్నారు. మన దగ్గర గేర్‌బాక్స్ శబ్దం నుంచి కొత్త అల్లుడి దాకా అన్నిటికీ వాడే మందు ఇదే. ఇందులో కొంత నిజం ఉంది కూడా. కొత్త స్ప్రింగు కొద్దిగా దిగుతుంది. అయితే ఆ దిగేది మిల్లీమీటర్ల లెక్క, ముందు వైపు మీరు ప్రదర్శిస్తున్న వైభవానికి అది ఏ మూలకీ రాదు. ఇంకో సంగతి, పాత స్ప్రింగులు ఏళ్ళ తరబడి బరువు మోసి కుంగిపోయి ఉంటాయి. ఆ కుంగిన ఎత్తుకి కళ్ళు అలవాటు పడ్డవాడికి కంపెనీ ఎత్తు కూడా ఎక్కువగానే కనిపిస్తుంది. అందుకే పోల్చాల్సింది నిన్నటి బండితో కాదు, సర్వీసు మాన్యువల్లో ఉన్న కొలతతో.

తర్వాత తప్పు షాకబ్జర్ల మీదికి పోయింది. "గ్యాస్‌వి వేశాం సార్, అందుకే లేచింది." పాపం షాకబ్జర్! దాని ఉద్యోగం ఊపు ఆపడం. బరువు మోసేది స్ప్రింగు. లోపలి గ్యాసు ఒత్తిడి బండిని ఏదో పిసరంత లేపితే లేపుతుంది, అంతే. అయితే స్ట్రట్ మీద, అంటే షాకబ్జరూ స్ప్రింగూ కలిసి ఉండే ముక్క మీద, స్ప్రింగు కూర్చునే పళ్ళెం వేరే ఎత్తులో ఉన్నా, స్ప్రింగు కొస ఆ పళ్ళెంలోని మెట్టులో కూర్చోకుండా పైకెక్కినా ఎత్తు మారిపోతుంది. డీజిల్ బండికీ పెట్రోల్ బండికీ ముందు స్ప్రింగులు చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి, ఇంజన్ బరువు తేడా కాబట్టి. స్ప్రింగు మీద వేసే రంగు చుక్కలు ఇందుకే. రాణిగంజ్ అయినా ఆటోనగర్ అయినా, కౌంటర్లో "రెండూ ఒకటే సార్" అన్న మాట వినబడగానే పార్ట్ నంబర్ చూపించమనాలి. నేను చూశాను. నంబర్ సరైనదే, రంగు సరైనదే.

అయితే ముందువైపు మీరు ఎందుకు అంత వెడల్పయ్యారు? ఎవరూ అనుమానించని ఒక బోల్టు వల్ల. లోయర్ ఆర్మ్ బుష్షులో మధ్యన ఇనప గొట్టం, దాని చుట్టూ రబ్బరు, రెండూ అతుక్కుని ఉంటాయి. బోల్టు బిగించగానే ఆ గొట్టం కదలకుండా బిగుసుకుపోతుంది. ఆర్మ్ పైకీ కిందికీ ఆడినప్పుడల్లా మెలి తిరగాల్సింది రబ్బరే. ఏ ఎత్తులో బిగిస్తే ఆ ఎత్తే దానికి విశ్రాంతి. బండి జాకీ మీద, చక్రం గాలిలో వేలాడుతుండగా బిగించారనుకోండి, కిందికి దిగిన క్షణం నుంచి ఆ రబ్బరు పిండిన తడి తువ్వాలులా మెలిపడి బండిని పైకి తోస్తూనే ఉంటుంది. చక్రాలు బరువు మోస్తుండగా చివరి బిగింపు ఇవ్వాలని సర్వీసు మాన్యువళ్ళు ఊరికే చెప్పవు. కానీ అలా చేయాలంటే పిట్‌లోకి దిగాలి, మెడ వంచాలి. జాకీ మీదయితే సుఖం. మెకానిక్ జోస్యం మాత్రం పూర్తిగా తప్పదు. ఆ మెలిక భరించలేక రబ్బరు త్వరగా చిరుగుతుంది. చిరిగాక సెట్ అయిపోద్ది.

మరో గారేజీలో పిట్ మీద నిలబెట్టి, ఆ బోల్టులు వదులు చేసి, బండిని ఊపి మళ్ళీ బిగిస్తే ముందువైపు మీరు మర్యాదస్తుల కొలతకి వచ్చేశారు. మలుపుల్లో బండి ఒరగకుండా చూసే స్టెబిలైజర్ లింకుల్ని కూడా అలాగే బరువు మీద బిగించారు.

ఇక వెనక కుడివైపు. ఇక్కడ అందరి వేలూ కుడివైపున కూర్చుని నడిపే నా బరువు మీదికే పోయింది. దాన్ని నేను విజ్ఞానశాస్త్రంతో ఎదుర్కొన్నాను. బండికి ఒక మూల కుంగితే ఎదురు మూల లేస్తుంది కాబట్టి దోషం ముందుదో వెనకదో కంటికి తెలియదు. ముందు చక్రాల మధ్య అడ్డంగా ఉండే ఇనప దూలం, అదే క్రాస్‌మెంబర్, సరిగ్గా మధ్యలో జాకీ పెట్టి లేపితే తెలుస్తుంది. వెనకున్న వంకర మాయమైతే తప్పు ముందుది, అలాగే ఉంటే వెనకదే. అలాగే ఉంది, నేను లోపల లేకపోయినా. విప్పితే స్ప్రింగు మీద ఉండాల్సిన రబ్బరు సీటు ఎడమవైపు ఉంది, కుడివైపు లేదు. పాత స్ప్రింగుకి అంటుకుని పాత ఇనుముతో పాటు వెళ్ళిపోయిందట.

దీనికంతటికీ మా బావమరిది చెప్పిన పరిష్కారం ఒక్కటే, స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే బఫర్లు. మిమ్మల్ని మరింత పెంచాలని వాడి తపన. కారణం మా రోడ్లు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో చెప్పిన లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు ఉండాలి. మా కాలనీలో కట్టినవాళ్ళు ఆ రెండు అంకెలనీ సమానత్వ దృష్టితో చూశారు. అయినా ఒక స్ప్రింగులో రెండు చుట్లు కదలకుండా కట్టేస్తే మిగతా చుట్లు ఆ పని కూడా చేయాలి. స్ప్రింగు గట్టిపడి ప్రతి గతుకూ నడుముకే వస్తుంది.

ఇప్పుడు మీతో ఒక లెక్క తేల్చుకోవాలి. మీరు పెరిగి ఉన్నప్పుడే వీల్ అలైన్‌మెంట్ చేయించారు. ఎత్తు మారితే చక్రాల కోణాలు మారతాయి, ఆ అలైన్‌మెంట్ ఇక పనికిరాదు, మళ్ళీ డబ్బు కట్టాలి. మూతి లేచిన రోజుల్లో నా హెడ్‌లైట్లు ఎదుటివాళ్ళ కళ్ళల్లో కొట్టాయి. వాళ్ళు నన్ను తిట్టిన తిట్లలో సగం మీ ఖాతాలో రాస్తున్నాను.

ఇట్లు,
అలైన్‌మెంట్ షాపు వరుసలో నిలబడి ఉన్న,
మీ యజమాని

తాజా కలం: బావమరిది ఫోన్ చేశాడు. "బావా, నాలుగు బఫర్లు తీసేసుకున్నా, డబ్బులు తర్వాత ఇద్దువులే" అంటున్నాడు.