సోషలే కదా!

బడిలో పేరెంట్స్ మీటింగ్ నుంచి వచ్చి గంటయింది. ఇంకా చల్లారలేదు. ఈలోపు పొయ్యి మీద పాలు పొంగిపోయాయి. ఆ అర లీటరు కూడా బడి ఖాతాలోనే రాద్దామనుకున్నాను కానీ, ఆ లెక్క వేరే ఉంది, చివర్లో చెబుతాను.

మా అమ్మాయి పదో తరగతి. లెక్కల్లో 94, సోషల్‌లో 61. సోషల్ ఎందుకు తగ్గిందని అడిగాను, అంతే. ప్రిన్సిపాల్ గారు చిన్నపిల్లను ఓదార్చినట్టు నవ్వి, "సోషలే కదా మేడమ్! ఆఖరి నెలలో మెటీరియల్ ఇచ్చి బట్టీ పట్టిస్తాం, మీరేమీ కంగారు పడకండి" అన్నారు.

ఆ "లే" చూశారా? అంతా ఆ "లే"లోనే ఉంది. "లెక్కలే కదా" అని ఎవరైనా అనగా విన్నారా? "ఫిజిక్సే కదా" అన్న ప్రిన్సిపాల్ ఈ కృష్ణా తీరాన పుట్టాడా?

తీగ లాగితే డొంకంతా కదిలింది. దసరా సెలవుల తర్వాత నుంచి సోషల్ పీరియడ్‌లో లెక్కల స్లిప్ టెస్టులు పెడుతున్నారట. టైం టేబుల్లో మాత్రం సోషల్ భద్రంగా ఉంది, గోడ మీద తాతగారి ఫొటో ఉన్నట్టు. మరి సోషల్ సారు ఏం చేస్తున్నారు? పాపం, వచ్చే ఏడాది అడ్మిషన్ల కోసం చేతిలో కరపత్రాలతో ఇంటింటికీ తిరుగుతున్నారు. రెండు పీజీలు చేసిన మనిషి. మా వీధికి కూడా వచ్చారు. మంచినీళ్లిస్తే నా కళ్లలోకి చూడలేకపోయారు.

ఆయన మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం ఉంది. ఎందుకంటే దసరాకు ముందు, పాఠం ఇంకా జరుగుతున్న రోజుల్లో, మా అమ్మాయి క్లాసులో లేచి ఒక ప్రశ్న అడిగింది. "1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చినప్పుడు రాజధాని కర్నూలులో పెట్టి, హైకోర్టు మన గుంటూరులో ఎందుకు పెట్టారు సార్?" పదేళ్లుగా రాజధాని గురించి కొట్టుకోని టీ కొట్టు లేదు విజయవాడ, గుంటూరుల్లో. ఇంట్లో అన్నం తింటూ కూడా అదే గొడవ. పిల్ల చెవులకు తాళం వేసుకోదు కదా, అడిగింది. జవాబేమిటో తెలుసా? "అది పరీక్షకు రాదమ్మా, కూర్చో."

1937లో శ్రీబాగ్ ఒడంబడిక జరిగిందనీ, రాజధాని, హైకోర్టు రెండూ ఒకే ప్రాంతానికి దక్కకూడదని అందులో పెద్దలు రాసుకున్నారనీ, అందుకే 1954 నుంచి రెండేళ్లపాటు గుంటూరులో హైకోర్టు నడిచిందనీ చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? నేను పప్పు తాలింపు పెడుతూ చెప్పాను. అది నోరు తెరుచుకుని విన్నది. పప్పు కూడా మాడలేదు.

సోషల్ అంటే జ్ఞాపకశక్తి సబ్జెక్టట! తేదీల చిట్టాగా మార్చింది మీరే, మళ్లీ తేదీల చిట్టా అని ఎగతాళి చేసేదీ మీరే. 1921లో మా విజయవాడలో జరిగిన కాంగ్రెస్ సమావేశాల్లోనే పింగళి వెంకయ్య గాంధీజీ చేతికి జెండా నమూనా ఇచ్చారు. మన పిల్లలకు అదొక బిట్టు. నాలుగు పేర్లు, ఒక సున్నా, నల్లగా దిద్దడం.

ఎకనామిక్స్ సంగతి ఎత్తితే నాకు మా నాన్న గుర్తొస్తాడు. పరపతి పాఠంలో వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకుని, పంట అతనికే అమ్ముతానని మాటిచ్చిన రైతు ఉదాహరణ ఉంటుంది. దానిమీద రెండు మార్కుల ప్రశ్న. గైడులో ఆ జవాబు కింద పచ్చ రంగు గీత కూడా గీసి ఉంది. ఆ రైతు మా ఇంట్లోనే ఉన్నాడమ్మా! పురుగుమందులకు కమిషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చి, ఆయన కొట్టుకే మిర్చి టిక్కీలు, అంటే బస్తాలు, తోలే మీ తాతయ్యే ఆ పాఠం. కేంద్రం ప్రకటించే మద్దతు ధరల్లో మిర్చి పేరే లేదని, నలభై టిక్కీలు కోల్డ్ స్టోరేజీలో పెట్టి రోజూ ఉదయాన్నే యార్డు ధర కనుక్కుంటాడే, ఆయన. ఒక్క రోజు పిల్లలను బస్సెక్కించి మిర్చి యార్డుకు తీసుకువెళ్తే పుస్తకం తెరవక్కర్లేదు. తుమ్ములు వస్తాయి, అంతే.

సివిక్స్ గురించి అసలు మాట్లాడను. మాట్లాడతాను. 2024లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా అపార్టుమెంటు వాళ్లందరూ మెట్ల మీద కూర్చుని ఎవరికి ఫోను చేయాలని గంటసేపు తర్జనభర్జన. అయిదుగురు ఇంజినీర్లున్నారు. కార్పొరేటరు ఎవరు, ఎమ్మెల్యే ఎవరు, ఏది ఎవరి పని అన్నది తెలిసిన మనిషి ఒక్కరే: కింద ఇస్త్రీ బండి పెట్టుకున్న ఆయన. ఆయన బడి మానేసింది ఏడో తరగతిలో. మన పిల్లలు పదిదాకా చదివి ఏం సాధించారో మరి.

అయినా బడిని అని ఏం లాభం? ఇంటి దొంగలు మనమే. నేను పది పాసైనప్పుడు ఇంటర్లో హెచ్.ఇ.సి. తీసుకుంటానంటే మా బాబాయి గుంటూరు ఇంటి వసారాలో పదిమంది ముందు పడి పడి నవ్వాడు. "చరిత్ర చదివి ఏం చేస్తావమ్మా, కోటల దగ్గర టికెట్లు చింపుతావా?" ఆ నవ్వుకు ఎం.పి.సి.లో చేర్చారు. రెండేళ్లు రికార్డు పుస్తకాల్లో బొమ్మలు దిద్దాను, కష్టపడి గట్టెక్కాను, ఇప్పుడు ఒక ఎరువుల కొట్టులో జమాఖర్చులు రాస్తున్నాను. త్రికోణమితి ఈ పాతికేళ్లలో ఒక్కసారి కూడా నన్ను పలకరించలేదు.

ఆ బాబాయి కొడుకు ఇంజినీరింగ్ చదివాడు. ఇప్పుడు హైదరాబాదులో గ్రూప్-2 కోచింగ్. మెయిన్స్‌లో ఏముంటుందో తెలుసా? ఆంధ్రప్రదేశ్ చరిత్ర, భారత రాజ్యాంగం, ఆర్థిక వ్యవస్థ. పదిహేనేళ్లప్పుడు బడిలో ఊరికే వచ్చేదాన్ని వద్దని తోసేసి, ఇరవై ఏడేళ్లప్పుడు హాస్టలు అద్దె కట్టి మరీ కొనుక్కుంటున్నారు! దీన్ని ఏ ఎకనామిక్స్ అంటారో ఆ ప్రిన్సిపాల్ గారే చెప్పాలి.

ఇందాక ఫోను మోగింది. బాబాయే. "అమ్మాయీ, నీకు ఈ చరిత్ర గొడవలు బాగా తెలుసు కదా. ఆ శ్రీబాగ్ ఒడంబడిక గురించి నాలుగు ముక్కలు రాసి తమ్ముడికి వాట్సాప్‌లో పంపుతావా? వాడికి తికమకగా ఉందట."

పాలు పొంగింది అప్పుడే.

ఇంకా పంపలేదు. ముందు పొయ్యి తుడవాలి.