ఆయిల్ ఛాంబర్‌కు కుళాయి బిగించాక

మా బావమరిది మొన్న హాలియా నుంచి ఫోన్ చేసి, "బావా, ఆ కుళాయి బిగిస్తే ఇంట్లనే ఆయిల్ మార్చుకోవచ్చంట గదా?" అని అడిగాడు. అతడు ఎక్కడో వీడియోలో చూసింది క్విక్ డ్రెయిన్ వాల్వ్. నా కారుకు అది బిగించి మూడేళ్లు దాటింది కాబట్టి, ఫోన్‌లో చెప్పిన ముక్తసరి జవాబు కాకుండా, తెలిసినంత వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ఇంట్లో ఆయిల్ మార్చడాన్ని ఈ వాల్వ్ సులువు చేస్తుందని జరుగుతున్న ప్రచారంలో సగానికి పైగా అతిశయోక్తి అని నా అభిప్రాయం. అయినా నేను దాన్ని తీసేయలేదు. ఎందుకు తీసేయలేదన్నది వేరే లెక్క.

ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌కు ఒక డ్రెయిన్ నట్టు ఉంటుందని, పాత ఆయిల్ తీయాలంటే దాన్ని విప్పాలని బండి ఉన్నవారికి తెలిసిందే. ఆ నట్టు స్థానంలో శాశ్వతంగా బిగించే చిన్న ఇత్తడి కుళాయే ఈ వాల్వ్. దాని లోపల అడ్డంగా రంధ్రమున్న బంతి ఒకటి ఉంటుంది. మీటను కాస్త పైకెత్తి పావు చుట్టు తిప్పితే ఆ రంధ్రం దారికి ఎదురుగా వచ్చి ఆయిల్ కారుతుంది, వెనక్కి తిప్పితే ఆగిపోతుంది. మీట దానంతట అది తిరిగిపోకుండా ఒక స్ప్రింగు దాన్ని గాడిలో నొక్కి పట్టి ఉంచుతుంది. జపాన్‌కు చెందిన ఫుమోటో ఈ రకానికి పేరు పొందింది. జర్మనీకి చెందిన స్టాల్‌బస్ తయారుచేసే దానిలో మీట ఉండదు. మూత విప్పి గొట్టమున్న కనెక్టరును బిగిస్తే, అది లోపలి స్ప్రింగును వెనక్కి నెట్టి దారి తెరుస్తుంది. కొనేటప్పుడు నట్టు కొలత తప్పక సరిచూసుకోవాలి. మారుతి, హోండా, హ్యుందాయ్ కార్లలో ఎక్కువగా 14 మిల్లీమీటర్ల నట్టు, 1.5 చూడీ (అంటే మర గాట్ల మధ్య 1.5 మిల్లీమీటర్ల ఎడం) ఉంటాయి. టయోటాలో చాలావాటికి 12 మిల్లీమీటర్లు, 1.25 చూడీ.

నేను దీన్ని సరదాకు కొనలేదు. నాలుగేళ్ల కిందట దేవరకొండ రోడ్డులో ఒక షాపులో ఆయిల్ మార్పించినప్పుడు, అక్కడి కుర్రవాడు పానాకు రెండడుగుల పైపు తొడిగి, కాలు ముందు టైరుకు తన్నిపెట్టి మరీ డ్రెయిన్ నట్టును బిగించాడు. చాలా చిన్న కార్ల డ్రెయిన్ నట్టుకు కావలసిన బిగింపు సుమారు 35 నుంచి 40 న్యూటన్ మీటర్లు. జానెడు పొడవున్న పానా చివర పదహారు, పద్దెనిమిది కిలోల బరువు వేలాడదీస్తే ఎంత బలం పడుతుందో అంతే. రెండడుగుల పైపు తొడిగాక అదే చేతి బలం మూడింతలకు చేరువవుతుంది. అంత బిగింపుకు నట్టు అరగదు, ఛాంబర్‌లోని చూడీ అరుగుతుంది. నట్టు అరిగితే కొత్తది వేసుకోవచ్చు, ఛాంబర్ అంత చవకగా రాదు. అది నాకు అప్పుడు తెలియదు. నెల రోజుల తరువాత ఒక ఉదయం మా అమ్మ వాకిట్లో షాబాదు బండల మీద ముగ్గు వేస్తూ నన్ను పిలిచి, "ఈ చుక్క నేను పెట్టలేదు గదరా" అంది. ముగ్గు చుక్కల వరుసకు రెండంగుళాల అవతల, రూపాయి బిళ్లంత నల్లటి చుక్క మెరుస్తూ ఉంది. కింద పడుకుని చూస్తే నట్టు అంచున ఇంకో చుక్క తయారవుతోంది.

చివరికి ఛాంబర్ విప్పించి, లేత్ షాపులో రంధ్రం పెద్దది చేయించి, పాత కొలత చూడీ ఉన్న బుష్ (రంధ్రంలో కూర్చునే లోహపు తొడుగు) వేయించవలసి వచ్చింది. రెండు రోజులు కారు లేదు, ఖర్చు వాల్వ్ ధరను మించింది. ఆ షాపు మీద నాకు ఇప్పుడు కోపం లేదు. పైపు తొడిగి బిగించడమే గట్టి పని అని మన దగ్గర చాలామంది నమ్ముతారు, బండి యజమానులు కూడా "గట్టిగ పట్టియ్యి" అని పక్కన నిలబడి మరీ చెబుతారు. ఆ బుష్‌ను ఇక ఎవరూ ముట్టుకోకూడదన్న ఒక్క కారణంతో నేను వాల్వ్ తెప్పించుకున్నాను. ఏటా నట్టు విప్పి బిగించే అవసరమే లేకపోతే చూడీ అరగదు. ఈ లాభం గురించి వీడియోలలో పెద్దగా చెప్పరు కానీ, నా దృష్టిలో ఈ వస్తువుకున్న అసలు విలువ ఇదే.

ఇక సులువు సంగతి. నా పెట్రోలు కారుకు మూడు లీటర్లకు కాస్త ఎక్కువ ఆయిల్ పడుతుంది; పది వేల కిలోమీటర్లకు గాని, ఏడాదికి గాని, ఏది ముందైతే అప్పుడు మార్చాలి. నేను ఏడాదికి ఏడెనిమిది వేలకు మించి తిప్పను కాబట్టి ఏడాదికొక్కసారే ఆ పని. పానాతో నట్టు విప్పడానికి ఒక నిమిషం, కొత్త వాచర్ వేసి బిగించడానికి మరో నిమిషం పడుతుంది. దాదాపు మూడు వేలు పెట్టి నేను ఆదా చేసుకుంటున్నది ఏడాదికి రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాలు కూడా నిజానికి మిగలలేదు, ఎందుకంటే వాల్వ్ గుండా ఆయిల్ నెమ్మదిగా దిగుతుంది. 14 మిల్లీమీటర్ల నట్టు తీస్తే దాదాపు పన్నెండు మిల్లీమీటర్ల దారి తెరుచుకుంటుంది. వాల్వ్ మెడ లోపలి రంధ్రాన్ని నేను కొలిస్తే ఎనిమిదికి మించలేదు. అంటే దారి సగానికన్నా తక్కువైంది. ఇంజిన్‌ను ఐదు నిమిషాలు నడిపి, ఆయిల్ వెచ్చబడ్డాక తెరిచినా, ధార సన్నబడి చుక్కలుగా మారేసరికి పావుగంట అవుతోంది. ఈలోపు చాయ్ తాగి రావచ్చనుకుంటే అదీ ఒక సుఖమే.

ఇంకొక లోపం కూడా ఉంది. వాల్వ్ మెడ ఛాంబర్ అడుగుకన్నా కొన్ని మిల్లీమీటర్లు పైకి పొడుచుకుని ఉంటే, ఆ ఎత్తుకు దిగువనున్న ఆయిల్ బయటకు రాదు. ఎంత మిగులుతుందో చూద్దామని ఒకసారి వాల్వ్‌ను పూర్తిగా విప్పి కింద గిన్నె పెడితే ఒక టీ గ్లాసుకు కాస్త ఎక్కువగా వచ్చింది. మూడు లీటర్లలో అది ఇంజిన్‌ను పాడుచేసే పరిమాణం కాదు. నట్టు తీసినా పైన గొట్టాలలో, సందులలో కొంత పాత ఆయిల్ ఎలాగూ మిగిలిపోతుంది. అయితే అయస్కాంతమున్న నట్టు వాడేవారు ప్రతిసారీ దాని కొనకు అంటిన ఇనుప రజను చూసి ఇంజిన్ ఆరోగ్యాన్ని అంచనా వేసుకుంటారు. వాల్వ్ పెడితే ఆ సౌకర్యం పోతుంది. పాత ఇంజిన్‌కు నేనైతే దాన్ని చిన్న నష్టంగా చూడను.

అసలు కష్టం ఎక్కడుందో కారు కిందికి దూరినవారికి తెలుస్తుంది. కారును ఎత్తాలి, ఎత్తిన కారు జారకుండా చూడాలి, ఫిల్టర్ విప్పాలి. నా కారులో ఫిల్టర్ కింది నుంచే చేతికి అందుతుంది కాబట్టి, వాల్వ్ ఉన్నా లేకున్నా వాకిట్లో చేసుకున్న చెక్క ర్యాంపుల మీదికి కారును ఎక్కించక తప్పదు. ఆయిల్ ఒక్కటి మార్చి ఫిల్టర్ వదిలేస్తే వాల్వ్ వల్ల పని తేలికైనట్టే ఉంటుంది కానీ, అది సగం స్నానం. ఈ సందర్భంలో ఒక మాట చెప్పక తప్పదు: స్టెప్నీ మార్చడానికి ఇచ్చే జాకీ మీద కారును నిలబెట్టి, పక్కన రెండు ఇటుకలు పేర్చి కిందికి దూరేవారిని మన ఊళ్లలో చాలామందిని చూశాను. వాల్వ్ కొనే డబ్బుతో ముందు ఎత్తిన కారును నిలిపి ఉంచే మంచి స్టాండ్లు కొనుక్కోండి.

వాల్వ్ నిజంగా పనిని తేలిక చేసేది ఒక్కచోట. కింద గొట్టం తొడిగే ముక్కు ఉన్న రకం తీసుకుంటే, వేడి ఆయిల్ మోచేతి మీదుగా కారదు, నట్టు టబ్బులో పడిపోదు, గాలికి ధార వంగి బండల మీద చిందదు; గొట్టం చివర ఖాళీ డబ్బాలో పెడితే నేరుగా అందులోకే దిగుతుంది. మూత బిగించి పక్కన పెట్టవచ్చు. ఆ పాత ఆయిల్‌ను ఏం చేయాలన్నది మళ్లీ మన తలనొప్పే. మా వీధిలో సెంట్రింగ్ పనివాళ్లు రేకులకు పూయడానికని అడిగి తీసుకుపోతారు, ఊళ్లో చెదలు పట్టకుండా గుంజలకు పూస్తారు, కొందరు మోరీలో పారబోస్తారు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన ఇంజిన్ ఆయిల్ ప్రమాదకర వ్యర్థమే. నేను రెండేళ్ల డబ్బాలు పోగుచేసి, పాత ఆయిల్‌ను పీపాలలో నింపి పంపే ఒక వర్క్‌షాపుకు ఇచ్చి వస్తున్నాను.

దెబ్బ తగులుతుందేమోనన్న భయం గురించి చాలామంది అడిగారు. వాల్వ్ మామూలు నట్టుకన్నా అంగుళం వరకు కిందికి వేలాడుతుంది. 65వ నంబరు జాతీయ రహదారి మీద తిరిగినంత కాలం దిగులు లేదు కానీ, నార్కట్‌పల్లి దాటి లోపలి ఊళ్లకు మలుపు తిరిగితే, ఎవరి ఇంటి ముందు వారు సిమెంటుతో పోసుకున్న స్పీడ్ బ్రేకర్లు ఎంత ఎత్తుంటాయో పోసినవారికే తెలియాలి. బిగించే ముందు రెండు ముందు టైర్ల మధ్య ఛాంబర్ కింద ఒక బద్దను అడ్డంగా పట్టి చూడండి. వాల్వ్ కొన చుట్టుపక్కల ఇనుప భాగాలకన్నా దిగువకు వస్తే ఆ ఆలోచన మానుకోండి. నా కారులో ముందున్న అడ్డ బీము కన్నా అది పైనే ఉంది, మీటను వెనక్కి తిరిగేలా బిగించాను, ఇంతవరకు గీత కూడా పడలేదు. వారంటీ ఉన్న కారుకు మాత్రం ఇలాంటిది పెట్టి సర్వీసు సెంటరుతో వాదన కొనితెచ్చుకోవద్దు.

మోటారు సైకిలుకు ఇది అనవసరం. చాలావాటిలో లీటరు అటూఇటూ పట్టే ఆయిల్ కోసం, ఎత్తనవసరం లేని బండికి, రాళ్లు తగిలే చోట ఇత్తడి ముక్క వేలాడదీయడంలో అర్థం లేదు. కదలకుండా ఒకేచోట ఉండి, గంటల లెక్కన ఆయిల్ మార్చవలసిన జనరేటరుకు మాత్రం ఇంతకన్నా తగినది లేదు.

మా బావమరిది అడిగింది ట్రాక్టరు గురించి. సాధారణంగా 250 గంటలకోసారి ఆయిల్ మార్చాలి, కిందికి దూరడానికి కావలసినంత ఎత్తుంటుంది, ఏడాదిలో పలుమార్లు విప్పి బిగిస్తారు కాబట్టి చూడీ అరిగే భయమూ ఉంది. కాగితం మీద చూస్తే వాల్వ్ దానికే తగినట్టుంది. కానీ సాగర్ ఎడమ కాలువ కింద దమ్ము చేసే ట్రాక్టరు అది. కేజ్ వీల్స్ వేసి బురదలో తిప్పాక ఇంజిన్ అడుగున అరంగుళం మందాన మట్టి అట్టకడుతుంది, ఎండితే ఇటుకలా గట్టిపడుతుంది. ఆ మట్టిలో కూరుకున్న మీటను తిప్పాలంటే మళ్లీ పానాతోనే కొట్టాలి, కొయ్యకాళ్లు తగిలితే స్ప్రింగు ఎన్నాళ్లుంటుందో చెప్పలేం. అందుకే అతడికి వద్దని చెప్పాను. పైపు తొడగకుండా ఒంటి చేత్తో బిగించమని, ప్రతిసారీ కొత్త రాగి వాచర్ వేయమని, వచ్చేటప్పుడు నట్టు కొలత చూసుకుని అరడజను వాచర్లు తెచ్చిస్తానని అన్నాను.

"గంతేనా బావా?" అన్నాడు.